జిడ్డు ముఖం, సున్నిత చర్మం: మొటిమలకు ఏ మందు?

నాకు వచ్చే ఉత్తరాలలో మొటిమల ఉత్తరాలకు ఎప్పుడూ కొదవ లేదు. పరీక్షలు, పెళ్ళిళ్ళు దగ్గరపడే కొద్దీ అవి మరీ ఎక్కువవుతాయి. వాటిలో ఒక తల్లి రాసినది చాలా ఇళ్ళకు పనికివస్తుందని, పేరూ ఊరూ తీసేసి ఇక్కడ ఇస్తున్నాను.

"డాక్టరుగారికి నమస్కారములు. మా అమ్మాయికి పంతొమ్మిదేళ్ళు. డిగ్రీ చదువుతోంది. పొద్దున కడిగిన ముఖం పదకొండు గంటలకల్లా నూనె రాసినట్టు జిడ్డు కారుతుంది. బుగ్గల మీద, గడ్డం మీద మొటిమలు. పోనీ మందు రాద్దామంటే ఏది రాసినా మంట, ఎరుపు, పొట్టు రేగటం. నిమ్మరసం రాశాం. ముల్తానీ మట్టి వేశాం. మొటిమల సబ్బు వాడాం. చివరికి మందుల షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. వారం తిరక్కుండా ముఖం అద్దంలా అయింది. మూడు నెలలుగా వాడుతోంది. మానేస్తే చాలు, నాలుగో రోజుకు ముఖం మండిపోతుంది, మొటిమలు రెట్టింపు అవుతాయి. పైపెదవి మీద నూగు కూడా పెరిగింది. ఇప్పుడు కాలేజీకే వెళ్ళనంటోంది. జిడ్డు చర్మానికీ సున్నిత చర్మానికీ రెండింటికీ సరిపడే మందు వుందా?"

వుందమ్మా. ఒకటి కాదు, మూడు నాలుగు వున్నాయి. అయితే వాటి సంగతి చెప్పే ముందు ఆ ట్యూబు సంగతి తేల్చాలి. అది వంటి మీద వుండగా మరే మందూ పని చెయ్యదు.

ఆ ట్యూబులో ఏముంది?

ట్యూబు తిప్పి, చిన్న అక్షరాలు చదవండి. బెటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్ - ఈ పేర్లలో ఏది కనిపించినా అది స్టెరాయిడ్. ఒక్కొక్కసారి దానితోబాటు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ కలిపి వుంటాయి. మరికొన్నిటిలో గజ్జికీ తామరకూ చీముకూ అన్నిటికీ పనికివచ్చేట్టు నాలుగు మందులు కలిపేస్తారు. షాపువాడు "తెల్లబడే క్రీము" అన్నా, "మొటిమల క్రీము" అన్నా లోపలి సరుకు మాత్రం ఇదే.

స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు. ఎగ్జిమాకు, సోరియాసిస్ కు సరయిన చోట, సరయిన రోజులు వాడితే దానిని మించినది లేదు. కాని మొటిమలకు అది మందు కాదు. మొదటి వారంలో ముఖం ఎందుకు బాగుపడినట్టు కనిపిస్తుందంటే, అది రక్తనాళాలను ముడుచుకుపోయేట్టు చేసి ఎరుపును అణిచేస్తుంది. వాపును అణిచేస్తుంది. ముఖం తెల్లబడినట్టు వుంటుంది. ఇంట్లో అందరూ మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలుతోనే రెండో ట్యూబు వస్తుంది. ఈలోగా చర్మం పలచబడుతుంది, సన్నటి ఎర్రనరాలు పైకి తేలుతాయి, నూగు పెరుగుతుంది, ఎండలోకి వెళితే మంట. ఆపైన స్టెరాయిడ్ వల్లనే పుట్టే మొటిమలు బయలుదేరతాయి. ఇవి అన్నీ ఒకే సైజులో, ఒకే ఈడువిగా, పోత పోసినట్టు వుంటాయి. మానితే ముఖం తిరగబడుతుంది. రాస్తే తగ్గుతుంది. ఇదొక వ్యసనం లాంటిదే.

2011 లో మన చర్మవైద్యుల పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, ముఖం మీది జబ్బులతో వచ్చిన 2926 మందిని పరీక్షిస్తే 433 మంది ముఖానికి స్టెరాయిడ్ పూత రాస్తున్నట్టు తేలింది. అంటే దాదాపు ఏడుగురిలో ఒకరు. 2018 లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి పూతమందులను చాలావాటిని షెడ్యూల్ హెచ్ లో చేర్చింది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని దాని అర్థం. చీటీ అడిగే షాపులు ఎన్ని వున్నాయో మీకే తెలుసు.

మూడు నెలలు రాసిన అమ్మాయి దానిని మానవలసిందే. కాని మానిన తరవాత కొన్ని వారాలు ముఖం ఎర్రబడి, మండి, మొటిమలతో నిండుతుందని ముందుగా తెలుసుకుని మానాలి. తెలియకపోతే వారం రోజుల్లో మళ్ళీ ఆ ట్యూబు దగ్గరకే పోతారు. ఒంటరిగా కాకుండా చర్మవైద్యుడి చేతుల మీదుగా మానటం మంచిది. ఆయన ముందు బలహీనమైన స్టెరాయిడ్ కు దింపి ఆపవచ్చు. స్టెరాయిడ్ కాని వేరే పూత ఇవ్వవచ్చు. కొన్ని వారాలు మాత్రలు ఇవ్వవచ్చు. ఈ రోజుల్లో ముఖానికి చల్లటి తడిగుడ్డ, తేలికపాటి మాయిశ్చరైజరు, ఎండలో గొడుగు తప్ప ప్రయోగాలు వద్దు. మంట పూర్తిగా చల్లారిన తరవాతనే కింద చెప్పే మందుల జోలికి వెళ్ళాలి.

జిడ్డు వుంటే సున్నితం ఎలా అవుతుంది?

ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు. జిడ్డు చర్మం అంటే మొద్దు చర్మం అనీ, ఎంత ఘాటు మందయినా తట్టుకుంటుందనీ వాళ్ళ ఉద్దేశం. అది పొరపాటు.

మన చర్మంలో ప్రతి వెంట్రుక మొదట్లో ఒక చిన్న తైలగ్రంథి వుంటుంది. యౌవనం వచ్చేటప్పుడు ఆండ్రోజెన్ అనే హార్మోన్లు - ఇవి మగపిల్లలకే కాదు, ఆడపిల్లలకూ వుంటాయి - ఆ గ్రంథులను పెద్దవి చేస్తాయి. ముఖం మీద, వీపు మీద, ఛాతీ మీద గ్రంథులు ఎక్కువ కనక జిడ్డూ అక్కడే ఎక్కువ. ఇది గ్రంథి వ్యవహారం.

చర్మం పైపొర వ్యవహారం వేరు. అది ఇటుకలతో కట్టిన గోడ లాంటిది. ఇటుకలు చర్మకణాలు. మధ్యలో సున్నం లాంటిది ఒక రకం కొవ్వు పదార్థం. ఈ సున్నం సరిగా వుంటే నీరు బయటకు పోదు, ఘాటు పదార్థాలు లోపలికి రావు. అది కరిగిపోతే రాసిన ప్రతిదీ లోపలికి దిగి మండుతుంది. దానినే మనం సున్నిత చర్మం అంటున్నాం. గ్రంథి నుంచి వచ్చే జిడ్డు ఈ సున్నం స్థానంలో నిలబడదు. అందుకే పైన నూనె కారుతూ, కింద గోడ బీటలు వారిన ముఖాలు వుంటాయి. కొందరికి పుట్టుకతోనే అలా వుంటుంది. నేను చూసేవాళ్ళలో మాత్రం ఎక్కువమందికి అది చేజేతులా తెచ్చుకున్నదే. రోజుకు ఆరుసార్లు సబ్బుతో కడుగుతారు. మామూలు సబ్బు క్షారం. దాని పి.హెచ్. 9, 10 దాకా వుంటుంది. ఆరోగ్యంగా వున్న చర్మానిది 5 దగ్గర. కడిగిన కొద్దీ సున్నం పోతుంది. గ్రంథి మాత్రం తన పని తాను చేసుకుంటూనే వుంటుంది. దానికి ఆజ్ఞలు హార్మోన్ల నుంచి వస్తాయి కాని కుళాయి నుంచి కాదు.

ఇక మొటిమ. రంధ్రం అంచున రాలవలసిన కణాలు రాలక అంటుకుపోయి బిరడాలా మూస్తాయి. వెనక నూనె నిలవ వుంటుంది. మూత తెరిచి వుంటే నల్లచుక్క, మూసి వుంటే తెల్లచుక్క. ఆ నలుపు మురికి కాదు. రంగు పదార్థమూ నూనే గాలికి నల్లబడటం. ఎంత తోమినా పోదు. నిలవ వున్న నూనెలో, మన చర్మం మీద ఎప్పుడూ కాపురం వుండే ఒక సూక్ష్మక్రిమి పెరిగి వాపు పుట్టిస్తుంది. అప్పుడు ఎర్ర మొటిమ, ఆపైన చీము మొటిమ. ఈ తతంగమంతా కంటికి కనిపించటానికి వారాలు పడుతుంది. ఇవాళ లేచిన మొటిమకు బీజం ఎన్నో వారాల కిందటే పడింది.

ఈ ఒక్క ముక్క అర్థమయితే వైద్యంలో సగం అర్థమయినట్టే. మందు మొటిమ మీద చుక్కలు పెట్టటానికి కాదు, మొటిమలు వచ్చే జాగా అంతటికీ రాయటానికి. ఫలితం వారంలో కాదు, ఆరు నుంచి ఎనిమిది వారాలకు మొదలవుతుంది. మూడు నెలలకు గాని ఆ మందు పనికివచ్చిందో లేదో తీర్పు చెప్పకూడదు. వారంలో అద్దంలా చేసే క్రీమును అందుకే అనుమానించాలి.

ముందు మానవలసినవి

నిమ్మరసం మొట్టమొదట మానండి. అది గట్టి ఆమ్లం. పైగా అది రాసుకుని ఎండలోకి వెళితే బొబ్బలెక్కి, నల్లమచ్చలు పడి నెలల తరబడి వుండిపోతాయి. టూత్ పేస్టు పళ్ళకు చేసినది. మొటిమను ఎండగడుతుందని రాస్తారు, పక్కన చర్మం కూడా కాలుతుంది. సున్నిపిండి మీద నాకేమీ పగ లేదు, వంటికి నలుగు పెట్టుకోండి. కాని వాచిన ముఖం మీద పిండి పెట్టి రుద్దటం పుండు మీద ఇసుక రుద్దటమే. బజారులో దొరికే గరుకు స్క్రబ్బులూ అంతే. ముల్తానీ మట్టి కాసేపు జిడ్డు పీల్చినట్టు వుంటుంది. ఆరి బిగిసిన తరవాత సున్నిత చర్మానికి అది హాని. పసుపు పలచగా రాస్తే పెద్ద నష్టం లేదు, పెద్ద లాభమూ లేదు.

గిల్లటం సంగతి. చీము బయటకు వచ్చిందని సంతోషిస్తారు. నొక్కినప్పుడు మొటిమ లోపలివైపు కూడా పగులుతుంది. గుంటలు పడేది చాలావరకు అక్కడే. మన చామనచాయ చర్మం ప్రతి గాయానికీ ఒక నల్లమచ్చ గుర్తు పెట్టుకుంటుంది. మొటిమ పది రోజుల్లో పోతుంది. మచ్చ ఆరు నెలలు వుంటుంది.

ఈమధ్య మరో జాడ్యం. ఫోన్లో వీడియోలు చూసి ఒకేసారి అయిదారు సీసాలు తెప్పించుకుంటారు. పొద్దున విటమిన్ సి, మధ్యాహ్నం ఇంకో ఆమ్లం, రాత్రి రెటినాల్. ముఖం మండుతోందని నా దగ్గరకు వస్తే, దేనివల్ల అని చెప్పను? సీసాలన్నీ బల్ల మీద వరసగా పెట్టి, అన్నీ పక్కన పెట్టెయ్యమంటాను. ఖరీదు చూసి వాళ్ళకు ప్రాణం ఒప్పదు.

ఏ మందు, ఎంత, ఎలా?

మొదటి రెండు వారాలు మందు వద్దు. గోడకు మరమ్మతు చేసుకోండి. రోజుకు రెండుసార్లు, చెమటపడితే మూడోసారి, సబ్బు కాని తేలికపాటి ఫేస్ వాష్ తో గోరువెచ్చని నీళ్ళతో కడగండి. వేళ్ళతో చాలు. మెత్తని తువ్వాలుతో అద్దండి, తుడవద్దు. తడి ఆరకముందే గ్లిసరిన్ వున్న జెల్ గాని, పలచటి లోషను గాని రాయండి. "జిడ్డు ముఖానికి మళ్ళీ మాయిశ్చరైజరా?" అని నవ్వకండి. జిడ్డును పెంచటానికి కాదు, ఇందాక చెప్పిన సున్నాన్ని నిలబెట్టటానికి అది. డబ్బా మీద "నాన్ కామెడోజెనిక్" అని వుండాలి. రంధ్రాలను మూయనిది అని అర్థం. సువాసన లేనిది అయితే మరీ మంచిది. పగలు బయటకు వెళితే ఎస్.పి.ఎఫ్. 30 వున్న సన్ స్క్రీన్ జెల్. చాలామందికి ఈ రెండు వారాల్లోనే సగం మంట పోతుంది.

తరవాత మందు. ఒకటే ఎంచుకోండి. ఏ కొత్త మందునయినా ముందు చెవి కింద, దవడ పక్కన రూపాయి బిళ్ళంత మేర నాలుగయిదు రాత్రులు రాసి చూడండి. కొంచెం చురుక్కుమని పది నిమిషాల్లో తగ్గటం, కాస్త పొడిబారటం సహజం. దురద, వాపు, నీటి పొక్కులు, కళ్ళు వాయటం కనిపిస్తే అది ఎలర్జీ. కడిగేసి, ఆ మందు పేరు ఒక కాగితం మీద రాసుకుని, మళ్ళీ ఎన్నడూ వాడకండి.

ఎర్రగా, చీముతో వుండే మొటిమలు ఎక్కువగా వుంటే బెంజాయిల్ పెరాక్సైడ్. ఇది క్రిములను చంపుతుంది. యాంటీబయాటిక్ లాగా క్రిములు దీనికి అలవాటుపడిపోవు. బజారులో 2.5, 5, 10 శాతాల్లో వుంటుంది. ఎక్కువ శాతం అంటే ఎక్కువ గుణం అనుకుని పది కొంటారు. 1986 లో ప్రచురించిన ఒక పరిశీలనలో మూడింటినీ పోల్చి చూస్తే, ఎర్ర మొటిమలను తగ్గించటంలో 2.5 శాతం మిగతా రెండింటికీ తీసిపోలేదు. 10 శాతం కంటె దీనితో మంటా పొట్టూ తక్కువ. కనక సున్నిత చర్మం వాళ్ళు 2.5 దాటి వెళ్ళవలసిన పనే లేదు. అది కూడా మొదట్లో అయిదు నిమిషాలు వుంచి కడిగెయ్యండి. వారం తరవాత పది నిమిషాలు. కొందరికి ఎప్పటికీ ఆ పది నిమిషాలే చాలు. ఒక హెచ్చరిక: ఇది బట్టల రంగును తినేస్తుంది. దిండు గలేబు, తువ్వాలు తెల్లవి వాడండి. రాసుకుని పట్టుచీర కట్టుకోకండి.

నల్లచుక్కలు, తెల్లచుక్కలు, ముట్టుకుంటే గరుకుగా వుండే ముఖం అయితే అడాపలీన్ 0.1 శాతం జెల్. ఇది విటమిన్ ఎ కుటుంబం మందు. ఆ కుటుంబంలో పెద్దది ట్రెటినాయిన్. మొటిమలకు అది పనికివస్తుందని 1969 లో అమెరికాలో క్లిగ్మన్, ఆయన సహచరులు చూపించారు. మంచి మందే గాని మంట ఎక్కువ. తరవాత వచ్చిన అడాపలీన్ కు ఆ మంట తక్కువ. బిరడా ఏర్పడకుండా చెయ్యటం దీని పని. అందుకే మొటిమలు పోయిన తరవాత కూడా మళ్ళీ రాకుండా దీనినే కొనసాగిస్తాం. అమెరికాలో 2016 నుంచి చీటీ లేకుండా ఇస్తున్నారు. మన దేశంలో డాక్టరు చీటీ మీద వాడవలసిన మందు.

దీనిని వాడే పద్ధతి తెలియకే చాలామంది మొదటి వారంలో వదిలేస్తారు. ముఖం కడిగిన వెంటనే రాయకూడదు. ఇరవై నిమిషాలు ఆరనివ్వండి. ముందు మాయిశ్చరైజరు, దాని మీద ముఖం మొత్తానికి కలిపి ఒక బఠానీ గింజంత మందు. కళ్ళ చుట్టూ, ముక్కు పక్క మడతల్లో, పెదవుల మూలల్లో రాయకండి. మొదటి రెండు వారాలు మూడు రాత్రులకు ఒకసారి. తట్టుకుంటే రెండు రాత్రులకు ఒకసారి. ఆపైన రోజూ. మొదటి నెలలో లోపల వున్న మొటిమలు ఒక్కసారి పైకి లేచినట్టు కావచ్చు. అప్పుడు భయపడి మానెయ్యకండి. గర్భిణీలు, గర్భం కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు దీనిని వాడకూడదు.

ముఖం బొత్తిగా ఓర్చుకోలేనిది, పైగా మచ్చలు కూడా వున్నాయి అంటే నేను మొదట తలచుకునేది అజిలాయిక్ ఆమ్లం. గోధుమ, బార్లీ గింజల్లో కూడా వుండే పదార్థం ఇది. పేరులో ఆమ్లం వుంది గాని నిమ్మరసం తరహా కాదు. 10 శాతంతో మొదలుపెట్టి 20 కి వెళ్ళవచ్చు. రాసిన మొదటి రోజుల్లో చీమలు పాకినట్టు చిన్న దురద వుంటుంది, సర్దుకుంటుంది. క్రిమి మీదా బిరడా మీదా కొంచెం కొంచెం పని చేస్తుంది. నల్లమచ్చలను కూడా తగ్గిస్తుంది. డాక్టరు చెబితే గర్భిణీలు కూడా వాడవచ్చు. నిదానపు మందు. నిదానపు మందుకు మన దేశంలో పేరు రాదు.

సాలిసిలిక్ ఆమ్లం 1, 2 శాతాల్లో ఫేస్ వాష్ గా దొరుకుతుంది. నల్లచుక్కలు తక్కువగా వున్నవాళ్ళకు అదొక్కటే సరిపోవచ్చు. ఆస్పిరిన్ పడనివాళ్ళు దాని జోలికి పోవద్దు. క్లిండమైసిన్ జెల్ ను ఒంటరిగా నెలల తరబడి రాయకండి. క్రిములు దానికి అలవాటుపడిపోతాయి. వాడితే బెంజాయిల్ పెరాక్సైడ్ తో జతగా వాడాలి.

రెండో మందు అవసరమైతే మొదటిది ఆరు వారాలు తట్టుకున్న తరవాత. అప్పుడు కూడా ఒకటి పొద్దున, ఒకటి రాత్రి.

డాక్టరు దగ్గరకు ఎప్పుడు?

వేలితో తాకితే లోపల గోలీకాయంత గడ్డలు, నొప్పి వుంటే పూతమందులతో కాలయాపన చెయ్యకండి. గుంటలు పడుతున్నా అంతే. గుంట పడిన తరవాత దానిని పూడ్చటం కంటె పడకుండా చూడటం ఎంతో తేలిక. జిల్లా ఆసుపత్రుల్లో, వైద్యకళాశాలల ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగం వుంటుంది. మొటిమలకు పెద్దాసుపత్రికి వెళ్ళటమేమిటని సిగ్గుపడవద్దు.

ఆడపిల్లలకు మొటిమలు దవడ, గడ్డం చుట్టూ వుండి, నెలసరి క్రమం తప్పుతూ, గడ్డం మీద వెంట్రుకలు లేదా బరువు పెరుగుతుంటే అండాశయాల్లో నీటితిత్తుల జబ్బు - పి.సి.ఓ.ఎస్. - వున్నదేమో చూడాలి. పైన ఉత్తరం రాసిన తల్లిగారు కూడా నెలసరి సంగతి కనుక్కోండి. నూగు స్టెరాయిడ్ వల్ల వచ్చిందో, హార్మోన్ వల్ల వచ్చిందో అప్పుడు తేలుతుంది.

నుదుటి మీద, ఛాతీ మీద ఒకే సైజులో చిన్న చిన్న పొక్కులు, బాగా దురద వుంటే అవి మొటిమలు కాక శిలీంధ్రం వల్ల వచ్చినవి కావచ్చు. దాని మందు వేరు. క్షయకు వాడే ఐసోనియాజిడ్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, ఉబ్బసానికి మింగే స్టెరాయిడ్ మాత్రలు కూడా మొటిమలు తెప్పిస్తాయి. అలాగని వాటిని మీరే ఆపకండి. వ్యాయామశాలల్లో కండల కోసం ఇచ్చే ఇంజెక్షన్ల వల్ల వీపంతా మొటిమలు వచ్చిన కుర్రవాళ్ళను తరచు చూస్తున్నాను. వాళ్ళు అడగందే చెప్పరు.

డాక్టరు డాక్సీసైక్లిన్ మాత్రలు ఇస్తే కూర్చుని, నిండు గ్లాసు నీళ్ళతో మింగండి. మింగగానే పడుకుంటే గొంతు కింద పుండు పడుతుంది. మామూలుగా మూడు నెలలకు మించి వాడం. ఐసోట్రెటినాయిన్ అని ఇంకొక మాత్ర వుంది. అమెరికాలో 1982 లో అనుమతి పొందింది. మొండి మొటిమలకు దానిని మించినది ఇంతవరకు లేదు. కాని అది వాడుతుండగా గర్భం వస్తే బిడ్డకు ఘోరమైన అంగవైకల్యాలు వస్తాయి. వాడినంత కాలం, ఆపిన తరవాత మరో నెల గర్భం రాకుండా చూసుకోవాలి. పెళ్ళి కుదిరిన అమ్మాయికి ఈ మాత్ర నడుస్తుంటే ఆ మాట డాక్టరుకు చెప్పి తీరాలి. దిగులు, చిరాకు ఎక్కువైనా చెప్పాలి. స్నేహితురాలి చీటీ చూపించి కొనుక్కునే మందు కాదు ఇది.

ఇంకొక సంగతి. ఓ.పి. లో కర్చీఫు అడ్డం పెట్టుకుని కూర్చునే పిల్లలను చూస్తుంటాను. పక్కన తల్లో తండ్రో "ఎవరు చేసుకుంటారు దీన్ని?" అని నా ఎదుటే అంటారు. ఆ అమ్మాయి కాలేజీ మానెయ్యటానికి మొటిమ ఎంత కారణమో ఈ మాట అంత కారణం. మొటిమలు తక్కువ వున్నా బిడ్డ నలుగురిలోకి రావటం మానితే, తిండి, నిద్ర తగ్గితే, దానినే పెద్ద జబ్బు కింద లెక్కకట్టి వైద్యం మొదలుపెడతాం. వచ్చినప్పుడు ఆ మాట కూడా చెప్పండి.

మరికొన్ని ఉత్తరాలకు జవాబులు

తలకు నూనె రాస్తే మొటిమలు వస్తాయా? - నుదుటికి కారేట్టు రాస్తే వస్తాయి. జుట్టు చివళ్ళకు పరిమితంగా రాసి, రాత్రి వుంచకుండా తలంటుకోండి. చుండ్రు రాలి మొటిమలు వస్తాయన్నది మాత్రం నిజం కాదు. రెండూ జిడ్డు వున్నవాళ్ళకే వస్తాయి కనక జతగా కనిపిస్తాయి.

వేరుశనగలు, మామిడిపళ్ళు మానాలా? - వేరుశనగల మీద నేరం రుజువు కాలేదు. తీపి పదార్థాలు, కూల్ డ్రింకులు, మైదా ఎక్కువగా తింటే కొందరికి మొటిమలు పెరుగుతాయనటానికి ఆధారాలున్నాయి. పాలు, కండలకు తాగే వే ప్రొటీన్ పొడి కూడా కొందరికి పడవు. ఒక నెల తగ్గించి చూడండి. తేడా లేకపోతే పాలు మానవలసిన పని లేదు. మామిడిపండు మితంగా తినండి.

మలబద్ధకం, రక్తంలో చెడు వల్లనా? - కాదు. రక్తశుద్ధి టానిక్కులకు డబ్బు పొయ్యకండి.

పెళ్ళయితే పోతాయంటారు? - పెళ్ళి ఈడుకు వయసు గడిచి కొందరికి తగ్గుతాయి. ఆ కీర్తి పెళ్ళికి దక్కింది. ముప్ఫై దాటి వున్నవాళ్ళూ బోలెడుమంది.

గడ్డం గీసుకుంటే మొటిమలు తెగుతున్నాయి, ఏం చెయ్యను? - స్నానం చేశాక, వెంట్రుకలు మెత్తబడ్డాక, కొత్త బ్లేడుతో వెంట్రుక పెరిగిన దిక్కుగానే గీసుకో బాబూ. ఒక్క దెబ్బే, ఎదురు గీత వద్దు. చర్మాన్ని సాగదీయకు. మొటిమలు మరీ వాచి వుంటే కొన్నాళ్ళు ట్రిమ్మరు వాడు. తరవాత ఘాటు వాసన నీళ్ళు కాకుండా అదే మాయిశ్చరైజరు రాసుకో. పటికరాయి తగ్గించు. అడాపలీన్ రాసిన మర్నాడు గీసుకోవలసి వస్తే, ఆ ముందు రాత్రి మందు మానేసుకో.